చిల్లర దేవుళ్లను నిలదీసిన నవలాకారుడు: దాశరథి రంగాచార్య

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే ఏ పిల్లవాణ్ణి అడిగినా ‘చిల్లర దేవుళ్లు’ ఎవరు రాశారో తడుముకోకుండా చెబుతాడు. దాశరథి రంగాచార్య. ‘మోదుగుపూలు’? ఆయనదే. ‘ప్రజల మనిషి’? వట్టికోట ఆళ్వారుస్వామి. తెలంగాణ ఏర్పడ్డాక పోటీ పరీక్షల సిలబస్‌లో తెలంగాణ సాహిత్యం, సంస్కృతి చేరాయి కనుక ఈ పేర్లన్నీ బిట్ బ్యాంకుల్లోకి ఎక్కాయి. నవలలో ఏముందని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. తప్పు పిల్లలది కాదు. ఒక మార్కు ప్రశ్నకు నవల మొత్తం చదివే తీరిక ఎవరికి ఉంటుంది? అయితే ఒక జాతి తన బతుకును రాసిపెట్టిన పెద్ద రచయితను ఒక మార్కు జవాబుగా మిగుల్చుకుంటే నష్టం ఆయనకు కాదు, మనకే. రంగాచార్య కన్నుమూసి పదేళ్లు దాటింది. ఆయన ఇచ్చినదేమిటి, అందులో ఏది నిలిచింది, ఏది నిలవలేదు అని ఒకసారి నిదానంగా లెక్క చూసుకోవాల్సిన సమయం ఇది.

నేనుండే నాదర్‌గుల్‌కూ ఆయన నవలల్లోని ఊళ్లకూ పైకి ఏ పోలికా కనిపించదు. నాదర్‌గుల్ అంటే బయటివాళ్లకు శిక్షణ విమానాలు ఎగిరే రన్‌వే, ప్లాట్ల బోర్డులు, బడంగ్‌పేట నుంచి గుర్రంగూడ దాకా ఒకదాన్నొకటి ఆనుకుని లేచిన కాలనీలు గుర్తుకొస్తాయి. ఆయన ఊళ్లు మానుకోట (మహబూబాబాద్) వైపు. కానీ ఈ తూర్పు హైదరాబాద్‌ను నింపినవాళ్లెవరో చూడండి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సులు వచ్చి ఆగేది ఎల్బీనగర్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో. బస్సు దిగిన చోటే గది వెతుక్కుని, ఉద్యోగం దొరికాక ఇంకాస్త ముందుకు జరిగి ప్లాటు కొనుక్కున్న కుటుంబాలు ఇక్కడ వీధి వీధికీ ఉన్నాయి. తెలంగాణ సాయుధ పోరాటం సాగిన జిల్లాల జనమే వీళ్లలో ఎక్కువ. రంగాచార్య నవలల్లో దొర నివాసమైన గడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు మా పక్కింట్లోనే ఉన్నారు.

ఈ నేలకూ తన కథ ఉంది. నిజాం రాజ్యంలో భూమిని స్థూలంగా మూడు వాటాలుగా చెప్పేవారు. సుమారు 60 శాతం సర్కారుకు నేరుగా శిస్తు కట్టే దివానీ భూములు, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత ఖర్చుల కోసం ఉంచుకున్న సర్ఫ్-ఎ-ఖాస్. ఈ మూడో రకం భూములు ఎక్కువగా ఉన్నది నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో. ఇవాళ గజాల లెక్కన అమ్ముడుపోతున్న ఈ చుట్టుపక్కల భూముల వెనకటి లెక్క తెలిస్తే తప్ప ‘చిల్లర దేవుళ్లు’లో దొర ఎందుకు దేవుడయ్యాడో పూర్తిగా అర్థం కాదు.

రంగాచార్య 1928 ఆగస్టు 24న చిన్నగూడూరులో పుట్టారు. అప్పట్లో వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. శ్రీవైష్ణవ పండిత కుటుంబం. మహాకవి దాశరథి కృష్ణమాచార్య ఆయనకు మూడేళ్లు పెద్ద. ఇంట్లో సంస్కృతం, ద్రవిడ ప్రబంధం, బడిలో ఉర్దూ, వీధిలో తెలుగు. ఇవన్నీ ఆయన రచనలో చివరిదాకా విడివిడిగా వినిపిస్తూనే ఉంటాయి. విద్యార్థిగా ఉన్నప్పుడే నిజాం వ్యతిరేక ఉద్యమంలోకి దిగి బడికి దూరమయ్యారు. సాయుధ పోరాటంలో పాల్గొన్నారు. ఆ తర్వాత ఉపాధ్యాయుడిగా, గ్రంథపాలకుడిగా, అనువాదకుడిగా పనిచేసి, సికింద్రాబాద్ పురపాలక సంస్థలో 32 ఏళ్లు ఉద్యోగం చేసి 1988లో విరమించారు. 2015 జూన్‌లో హైదరాబాద్‌లో తుదిశ్వాస విడిచారు. రాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాది.

ఆ పురపాలక ఉద్యోగాన్ని ఆయన జీవితచరిత్రలు ఒక వాక్యంలో దాటేస్తాయి. నాకు అది చిన్న విషయంగా కనిపించదు. పగలంతా నగరపాలక దస్త్రాల మధ్య గడిపి, మిగిలిన వేళల్లో ఒక ప్రాంతపు బతుకును నవల తర్వాత నవలగా రాస్తూ పోయాడాయన. పూర్తికాలం రచయితగా బతికే వెసులుబాటు తెలుగులో ఎందరికి దొరికింది గనుక? ఫైలు చదవడం వచ్చినవాడు కనుకనే శిస్తు, పట్టా, పహాణీ, గిర్దావరీ ఒక రైతును ఎలా లొంగదీస్తాయో ఆయన కథలో అంత నమ్మకంగా కనిపిస్తుంది.

ఆయన కంటే ముందు వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. ఆయన్ను వదిలి రంగాచార్య గురించి మాట్లాడటం న్యాయం కాదు. 1915లో నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టిన ఆళ్వారుస్వామి చదువు కోసం ఒకరింట్లో వంట చేశారు, హోటల్లో సర్వరుగా పనిచేశారు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, అచ్చయిన పుస్తకాలు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి అమ్మారు. తెలుగు పుస్తకం చేతిలో ఉంటేనే అనుమానంగా చూసే రోజులవి. నిజామాబాద్ జైల్లో దాశరథి కృష్ణమాచార్యతో కలిసి శిక్ష అనుభవించారు. 1950ల నడుమ వచ్చిన ఆయన ‘ప్రజల మనిషి’లో కంఠీరవం అనే యువకుడు దిమ్మెగూడెంలో దొరకు ఎదురు నిలుస్తాడు. తెలంగాణ పల్లె రాజకీయంగా కళ్లు తెరవడం తెలుగు నవలలో అలా మొదలైంది. రెండో నవల ‘గంగు’ పూర్తికాకుండానే 1961 ఫిబ్రవరిలో, 46వ ఏట, ఆళ్వారుస్వామి వెళ్లిపోయారు.

తెలంగాణ ప్రజల బతుకును కాలక్రమంలో నవలలుగా చెప్పుకుంటూ రావాలన్నది ఆళ్వారుస్వామి తలపెట్టిన పని. మధ్యలో ఆగిన ఆ పనిని తలకెత్తుకున్నవాడు రంగాచార్య. ‘చిల్లర దేవుళ్లు’ సాయుధ పోరాటానికి ముందుకాలాన్ని పట్టుకుంది, ‘మోదుగుపూలు’ పోరాటకాలాన్ని, ‘జనపదం’ 1948 పోలీసు చర్య తర్వాతి కాలాన్ని. ఈ వరసను గుర్తుంచుకుంటేనే ఆయన విలువ తెలుస్తుంది. విడివిడిగా చూస్తే ఇవి మూడు మంచి నవలలు. కలిపి చదివితే ఒక సమాజం దాస్యం నుంచి తిరుగుబాటుకు, తిరుగుబాటు నుంచి ఆశాభంగానికి నడిచిన దారి మొత్తం కళ్లముందుకు వస్తుంది. తెలుగులో ఇంత పథకంతో, ఇంత ఓపికతో ఒకే ప్రాంతపు కథను చెప్పుకొచ్చినవాళ్లు తక్కువమంది.

‘చిల్లర దేవుళ్లు’ 1969 ప్రాంతంలో వెలువడింది. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదటిసారి భగ్గుమన్న రోజులవి. కథ ఇలా మొదలవుతుంది: విజయవాడ వైపు నుంచి సారంగపాణి అనే సంగీతం తెలిసిన యువకుడు బతుకుతెరువు వెతుక్కుంటూ నిజాం రాజ్యంలోని ఒక పల్లెకు వస్తాడు. దేశ్‌ముఖ్ రామారెడ్డి దొర గడిలో అతనికి చోటు దొరుకుతుంది. దొర కూతురు మంజరి, గడిలో ఆడబాపగా బతుకుతున్న వనజ, కరణం వెంకట్రావు, అతని కూతురు తాయారు, వీళ్లందరి మధ్యా అతను తిరుగుతాడు. చూసినదాన్ని మొదట నమ్మలేడు, తర్వాత తట్టుకోలేడు. పైన నిజాం అనే పెద్ద దేవుడు ఎక్కడో ఉన్నాడు. జనం రోజూ మొక్కవలసింది ఊళ్లో ఉన్న ఈ చిన్న దేవుళ్లకు. దొర, కరణం, పటేలు, గిర్దావరు, అమీను. పేరులోనే నవల సారమంతా ఉంది.

ఈ నవలలో నన్ను ఎప్పుడూ ఆపేసేది వనజ. ఆడబాప వ్యవస్థ గురించి చరిత్ర పుస్తకాల్లో రెండు వాక్యాలు ఉంటాయి: దొరల ఇళ్లలో అట్టడుగు కులాల ఆడపిల్లలను దాసీలుగా ఉంచుకునేవారు, కూతురు అత్తింటికి వెళ్లేటప్పుడు వెంట ఒక పిల్లను కూడా పంపేవారు. చదివి పక్కన పెట్టేస్తాం. రంగాచార్య ఆ రెండు వాక్యాలకు ఒక మనిషిని ఇచ్చాడు. ఆమెకు పాట మీద ఇష్టం ఉంది, సిగ్గు ఉంది, తన పుట్టుక ఏమిటో తెలిసిన బాధ ఉంది. దొరసాని కాదు, ఊరి కూలిమనిషీ కాదు. గడి లోపలే ఉంటుంది, గడిలో ఆమెకు ఏ హక్కూ లేదు. ఇద్దరు ఆడపిల్లలను, మంజరిని, వనజను, ఒకే కప్పు కింద పెట్టి రచయిత చూపించిన తేడా ముందు వెట్టి మీద ఎన్ని ఉపన్యాసాలైనా వెలవెలబోతాయి.

వెట్టి గురించి కూడా ఆయన ఉపన్యసించడు. ఎవరు ఏం మోశారో చూపిస్తాడు. పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో వృత్తికొక పద్దుగా రాసిన విషయాలే ఇవి: మాదిగలు చెప్పులు, తోలు సామాన్లు కుట్టి ఇవ్వాలి, చాకలి బట్టలు ఉతికి అంట్లు తోమాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, గొల్ల గొర్రెపిల్లను తోలాలి, గౌండ్ల కల్లు పోయాలి, కోమటి అధికారుల మకాంకు సరుకులు పంపాలి. పైసా ఇచ్చేవాడు లేడు. చరిత్రలో అది జాబితాగా ఉంది. నవలలో అదే జాబితా ఒక ఉదయం ఊళ్లోకి సర్కారీ నౌకరు దిగగానే మొదలయ్యే హడావిడిగా, ఇంటింటి భయంగా మారుతుంది.

ఆ మధ్య మా కాలనీలో ఒక సాయంత్రం నలుగురం కూర్చున్నప్పుడు తొర్రూరు వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచర్ ఈ నవలలోంచి కొన్ని పేజీలు గట్టిగా చదివారు. దొర ఎదురుపడితే జనం ఒదిగి నిలబడే ఘట్టం దగ్గర, అప్పటిదాకా మనవణ్ణి ఆడిస్తూ కూర్చున్న ఒక పెద్దాయన అందుకున్నాడు. ‘‘మా తాత గడి ముంగట్నుంచి పోవాల్నంటే చెప్పులు చేతిల పట్టుకునేటోడట. రుమాలు తీసి సంకల పెట్టుకునేటోడట. ఎండకాలమైనా గంతే.’’ ఆయన కొడుకు ఆదిబట్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆ మాట అతను వినడం అదే మొదటిసారి. ‘‘ఎప్పుడు చెప్పలేదేంది నాయినా?’’ అన్నాడు. ‘‘ఏం చెప్తం బిడ్డా, గదేమన్న చెప్పుకునే ముచ్చటనా?’’ అన్నాడు తండ్రి. ఇంట్లో ఎవరూ చెప్పుకోని ముచ్చటను పుస్తకంలో భద్రంగా దాచిపెట్టడమే రంగాచార్య చేసిన పని.

‘మోదుగుపూలు’లో ఆ తలవంచుకున్న ఊరే తల ఎత్తుతుంది. ఆకు రాలాక ఎర్రగా పూసే మోదుగును పేరుగా పెట్టుకున్న ఈ నవల వెనక 1940ల చరిత్ర మొత్తం ఉంది. 1944లో భువనగిరి ఆంధ్ర మహాసభ, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మీద కాల్పులు, పాలకుర్తిలో ఐలమ్మ తన పంటను కాపాడుకున్న పోరాటం, ఆ తర్వాత రజాకార్ల దాడులు. రంగాచార్య ఈ కాలాన్ని దూరం నుంచి చూసి రాయలేదు. అందుకే ఇందులో ఆవేశం ఎక్కువ. కొన్నిచోట్ల పాత్రలు మనుషులుగా కంటే సిద్ధాంతాలుగా మాట్లాడతాయన్నది నిజం. అయినా భయం పోయిన రోజున ఒక ఊరు ఎలా ఉంటుందో ఇందులో ఉన్నట్టు మరోచోట తక్కువగా చదివాను.

‘జనపదం’కు దక్కాల్సిన పేరు దక్కలేదని నా అభిప్రాయం. 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది, నిజాం లొంగిపోయాడు, 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. కథ ఇక్కడితో సుఖాంతం కావాలి. కాలేదు. ఊరొదిలి పారిపోయిన దొరలు కొత్త టోపీలు పెట్టుకుని తిరిగొచ్చారు. భూమి పంచుకున్నవాళ్ల చేతుల్లోంచి భూమి వెనక్కి పోయింది. విజయం తర్వాత ఏం జరిగిందన్న ప్రశ్నను వేసుకునే నవలలు తెలుగులో తక్కువ. పోరాటంతో ముగించడం రచయితకు తేలిక. రంగాచార్య ఆ తేలిక దారి పట్టలేదు. ఈ రోజు భూమి పత్రాల వివాదాలతో తహసీల్ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న ఏ మనిషికైనా ‘జనపదం’ పాత కథలా అనిపించదు.

తర్వాతి నవలల గురించి దాపరికం లేకుండా చెప్పాలి. ‘మాయ జలతారు’, ‘శరతల్పం’, ‘అమృతంగమయ’ మొదటి మూడింటి ఎత్తును అందుకోలేదు. ఆలోచన ఉంది, ఊరు లేదు. రంగాచార్య కలానికి ఊరి దుమ్ము తగిలినప్పుడు ఉన్న బలం వేరే చోట లేదు. ఆత్మకథ ‘జీవనయానం’ మాత్రం అలా కాదు. అందులో గార్ల, మానుకోట, పేదరికం, అన్నదమ్ముల అనుబంధం, ఉద్యమం అన్నీ కలిసి నవలలంత గట్టిగా వచ్చాయి. నవలలు చదివాక ఆత్మకథ చదివితే ఏ పాత్రకు ఏ జ్ఞాపకం వేరో కనిపెట్టవచ్చు.

ఒక ప్రాంతపు దోపిడీని చెప్పిన నవలకు ఆయుష్షు ఎంత, దాని తర్వాతి జీవితం ఎలా ఉంటుంది అన్న ప్రశ్నకు డచ్చి సాహిత్యంలో మంచి ఉదాహరణ ఉంది. ఎడ్వర్డ్ డౌవెస్ డెకెర్ 1820లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, పద్దెనిమిదేళ్ల వయసులో డచ్చివాళ్ల వలస రాజ్యమైన ఇప్పటి ఇండోనేషియాకు ఉద్యోగానికి వెళ్లాడు. 1856లో జావాలోని లెబాక్ జిల్లాకు అధికారిగా వచ్చి, అక్కడి స్థానిక ప్రభువు జనంతో ఊరికే పని చేయించుకుంటున్నాడని, వాళ్ల దున్నలను లాక్కుంటున్నాడని పైవాళ్లకు ఫిర్యాదు చేశాడు. పైవాళ్లు వినలేదు. మూడు నెలలు తిరగకముందే ఉద్యోగం వదిలేసి, ఆ తర్వాత యూరప్ వెళ్లిపోయాడు. 1859లో బ్రస్సెల్స్‌లో పేదరికంలో కూర్చుని ‘మాక్స్ హావెలార్’ నవల రాశాడు. ముల్తాతూలి అన్న మారుపేరుతో అది 1860లో వెలువడింది. జావా రైతు తన భూమిలో అయిదో వంతును యూరప్ సంతకు కావాల్సిన కాఫీ, చెరకు, నీలిమందు వంటి పంటలకు ఇవ్వాలన్న విధానం 1830 నుంచి నడుస్తున్న రోజులవి. ఆ నవలలో సైజా అనే కుర్రవాడి తండ్రి దున్నలను ఒకదాని తర్వాత ఒకటి లాక్కుపోయే కథ ఉంది. అది చదువుతుంటే జావా గుర్తుండదు; మన నల్లగొండే కళ్లముందు నిలుస్తుంది. విదేశీ ప్రభుత్వం పైన, స్థానిక ప్రభువు కింద, మధ్యలో నలిగిపోయే రైతు. చిల్లర దేవుళ్లు అక్కడా ఉన్నారు.

ఆ పుస్తకానికి తర్వాత దక్కిన బతుకు చూడండి. డచ్చి పార్లమెంటులో దాని మీద అలజడి రేగింది. 1976లో సినిమాగా వచ్చింది. 1988లో రైతుకు గిట్టుబాటు ధర ఇచ్చే కాఫీకి వేసే ముద్రకు ఆ నవలా నాయకుడి పేరే పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో డెకెర్ విగ్రహం ఉంది, పుట్టిన ఇల్లు మ్యూజియం అయింది. వలస పాలనను చంపిన పుస్తకమిది అని ఇండోనేషియా మహారచయిత ప్రమోద్య అనంత తూర్ రాశారు. మరోవైపు, ఆ నవల పాలకుల మంచితనాన్ని నమ్ముకున్నదనీ, జావా మనిషికి సొంత గొంతు ఇవ్వలేదనీ విమర్శించినవాళ్లూ ఉన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. డెకెర్ పాలించే వైపు నుంచి వచ్చిన మంచి మనిషి. ఆళ్వారుస్వామి, రంగాచార్య అలా కాదు. గడి బయట పుట్టి, గడిని ఎదిరించి, జైలునూ అజ్ఞాతాన్నీ చూసిన తరం నుంచి రాసినవాళ్లు. కథలో ఉన్న జనం తిరగబడటం వీళ్లు కళ్లారా చూశారు. ఆ తేడా వల్లే మన నవలల్లో జాలికి చోటు తక్కువ, ధైర్యానికి ఎక్కువ.

రంగాచార్య మీద వచ్చిన ప్రశ్నలకు వద్దాం. మొదటిది, తెలంగాణ పల్లెను చెప్పడానికి కోస్తా వైపు నుంచి వచ్చిన సారంగపాణి ఎందుకు? సొంత ఊరి మనిషి కళ్లతో ఎందుకు చూపించలేదు? తెలంగాణ ఉద్యమం మలిదశలో ఈ ప్రశ్న గట్టిగానే వినబడింది. నా మట్టుకు ఇది రచయిత తెలిసి చేసిన పనే. అప్పట్లో తెలుగు నవల పాఠకుల్లో, ప్రచురణకర్తల్లో ఎక్కువమంది అటువైపు వాళ్లు. వాళ్లకు ఈ ఊరు కొత్త. పాణితో పాటే వాళ్లనూ గడిలోకి నడిపించాడు. బయటివాడికి ఆశ్చర్యంగా కనిపించేది ఊరివాడికి అలవాటైపోయి ఉంటుంది. వెట్టి ఎంత ఘోరమో చెప్పాలంటే దాన్ని మొదటిసారి చూసే కన్ను కావాలి. ఈ పద్ధతికి ఒక ఖరీదు ఉంది, కాదనను. కథలో ప్రేమ, సంగీతం అనుకున్నదానికంటే ఎక్కువ చోటు తీసుకున్నాయి, పీడితుల సొంత కథ అక్కడక్కడ పక్కకు జరిగింది. 1977 నాటి సినిమాలో ఆ లోపం ఇంకా పెరిగింది. ‘కలువకు చంద్రుడు’ పాట ఇప్పటికీ రేడియోలో వినిపిస్తుంది. అది వెట్టి కథలోని పాట అని తెలిసినవాళ్లు కొద్దిమందే.

రెండోది, భాష. కథనం శిష్ట వ్యావహారికంలో, సంభాషణలు తెలంగాణ మాటలో నడుస్తాయి. తర్వాతి తరం రచయితలు కథనాన్ని కూడా తమ మాటలోనే రాశారు కనుక ఇప్పుడు చూస్తే ఇది సగం అడుగులా అనిపించవచ్చు. కానీ ‘బాంచెను, కాల్మొక్త’ అన్న మాటకు అచ్చులో చోటు ఇవ్వడమే తెగువ అయిన రోజులు ఉన్నాయి. సినిమాల్లో తెలంగాణ మాటను రౌడీలకూ హాస్యగాళ్లకూ పెట్టిన దశాబ్దాల్లో, అదే మాటతో దుఃఖాన్నీ పౌరుషాన్నీ చెప్పించిన నవలలివి. ఉర్దూ కూడా అంతే. మిర్జా రుస్వా ‘ఉమ్రావ్ జాన్ అదా’ను తెలుగులోకి తెచ్చినవాడు కనుక ఉర్దూ ఆయనకు సర్కారు దస్త్రాల భాష మాత్రమే కాదు, నిజాంను వ్యతిరేకించినవాడు ఉర్దూను ద్వేషించలేదు. ఆ తేడాను మన కాలం మళ్లీ నేర్చుకోవాలి.

మూడోది, అన్నిటికంటే ఎక్కువ వాదం నడిచినది: పోరాట రచయిత వేదాల వైపు వెళ్లడం. నాలుగు వేదాలనూ ఒక్క చేత్తో తెలుగు చేశారు. రామాయణ, మహాభారతాలను సరళ వచనంలో రాశారు. ‘అభినవ వ్యాసుడు’ అన్న బిరుదు వచ్చింది. దానితో ఒక వర్గం ఆయన్ను పూర్తిగా తమవాడిని చేసుకుని నవలలను మరిచిపోయింది. ఇంకో వర్గం దారి తప్పాడని నవలలను కూడా పక్కకు పెట్టింది. ఇద్దరూ ఆయనకు అన్యాయం చేశారు. పుట్టిన ఇంటి చదువు, ఎదిగిన ఉద్యమం రెండూ ఆయనవే. పండితుల గుప్పిట్లో ఉన్న గ్రంథాన్ని మామూలు చదువరి చేతికి ఇవ్వాలన్న పట్టుదల, గడి గుట్టును రచ్చకెక్కించిన పట్టుదల ఒకే మనిషివి. అయితే సాహిత్య విమర్శకు నమ్మకాలతో కాదు, రచనలతో పని. వేదానువాదం పెద్ద శ్రమ, గౌరవించాలి. తెలుగు సాహిత్యంలో ఆయన స్థానాన్ని మాత్రం ఆ అనువాదం నిర్ణయించదు, ఆ మూడు నవలలే నిర్ణయిస్తాయి.

అన్నగారి నీడ సంగతి కూడా చెప్పాలి. ‘దాశరథి’ అనగానే అందరికీ కృష్ణమాచార్యే గుర్తుకొస్తారు. తెలంగాణ ప్రభుత్వం ఏటా జులై 22న ఇచ్చే దాశరథి పురస్కారం అన్నగారి పేరిటే. కవిత్వం సభల్లో మోగుతుంది, గోడ మీదికెక్కుతుంది, ఉద్యమానికి నినాదమవుతుంది. నవలకు ఆ సౌకర్యం లేదు. దాన్ని ఒకరు ఒంటరిగా కూర్చుని రెండు మూడు రోజులు చదవాలి. తమ్ముడు తక్కువ గుర్తుండటానికి ఇదీ ఒక కారణమే.

ఆయన తెరిచిన దారిలో ఎవరు నడిచారన్నది వారసత్వంలో ముఖ్యభాగం. సాయుధ పోరాటం మీద అంతకుముందే, 1947లోనే, బొల్లిముంత శివరామకృష్ణ ‘మృత్యుంజయులు’ వచ్చింది; మహీధర రామమోహనరావు కూడా ఆ వస్తువును తాకారు. తెలంగాణ లోపలి నుంచి వరసగా రాసే సంప్రదాయం మాత్రం ఆళ్వారుస్వామి, రంగాచార్యలతోనే నిలదొక్కుకుంది. అల్లం రాజయ్య ‘కొలిమంటుకున్నది’లో 1970ల రైతాంగ ఉద్యమం, అంపశయ్య నవీన్‌కు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ‘కాలరేఖలు’లో తెలంగాణ చరిత్ర, ముదిగంటి సుజాతారెడ్డి నవలల్లో గడి లోపలి ఆడవాళ్ల బతుకు, బోయ జంగయ్య ‘జాతర’లో దళిత జీవితం కనిపిస్తాయి. జంగయ్య లాంటివాళ్లు వచ్చాకనే వెట్టి చేసినవాడి ఇంట్లోంచి వెట్టి ఎలా కనిపిస్తుందో తెలిసింది. రంగాచార్య చూపలేనిది వాళ్లు చూపారు. అది ఆయన విలువను తగ్గించదు. మొదలుపెట్టినవాడి పని మొదలుపెట్టడమే.

ఇక మిగిలింది పుస్తకం దొరకడం. ఆయన పుస్తకాలు పునర్ముద్రణ అవుతూనే ఉన్నాయి. కోఠిలో, అబిడ్స్ ఆదివారం సంతలో వెతికితే పాత ప్రతులూ దొరుకుతాయి. దొరకనిది చదివే చోటు. నాదర్‌గుల్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎన్ని స్టడీ హాళ్లున్నాయో లెక్కపెట్టలేం. గంటల లెక్కన కుర్చీ అద్దెకిస్తారు, ఏసీ ఉంటుంది, వైఫై ఉంటుంది, కథల పుస్తకాల అర ఉండదు. ఆళ్వారుస్వామి పుస్తకాలు సంచిలో మోసుకుతిరిగిన చోట, నిజాం రాజ్యంలో తెలుగు కోసం సాగిన ఆంధ్రోద్యమం గ్రంథాలయాలతోనే మొదలైన చోట, ఇది సిగ్గుపడాల్సిన విషయం.

కాబట్టి కాలనీ సంఘాల పెద్దలకు, స్టడీ హాళ్లు నడిపేవారికి నా మనవి ఒక్కటే. గుడికి, సీసీ కెమెరాలకు చందా పోగుచేసినట్టే ఒక చిన్న పుస్తకాల బీరువాకు కూడా పోగుచేయండి. అందులో ‘ప్రజల మనిషి’, ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ ఈ వరసలోనే పెట్టండి, ‘జీవనయానం’ చివర పెట్టండి. పరీక్షకు చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందుగా ‘చిల్లర దేవుళ్లు’ తీసుకోండి. రెండు రాత్రులు చాలు. చదివాక ఇంట్లో ముసలివాళ్లుంటే వాళ్ల పక్కన కూర్చుని, మీ ఊళ్లో గడి ఎక్కడుండేదో అడగండి.